నడుస్తూ నడుస్తూ ఆగిపోయే హార్డ్ డిస్కు: కారణం దొరికిన తీరు

హనుమకొండలోని మా ఇంట్లో పాత ఒగ్గు కథల క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనికి నేను వాడుతున్న 4 టీబీ హార్డ్ డిస్కు గత వేసవిలో ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. కంప్యూటర్ మాత్రం ఆగేది కాదు. విండోస్ వేరే డిస్కులో, తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలో, ఉంది కాబట్టి తెర మీద అంతా మామూలుగానే ఉండేది. డేటా కోసం పెట్టుకున్న ఈ ఒక్క డిస్కే ఆగేది. ముందు క్యాబినెట్‌లోంచి వినిపించే సన్నటి హోరు దిగజారుతూ పోయేది, వెంటనే 'టక్'మని ఒక చప్పుడు, రెండు మూడు క్షణాల పాటు ఏ శబ్దమూ లేదు, ఆ తర్వాత మోటారు మళ్లీ మొదటి నుంచి వేగం అందుకునేది. కొన్నిసార్లు డీ డ్రైవు దానంతట అదే తిరిగి కనిపించేది. మరికొన్నిసార్లు కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, ప్లగ్గు తీసి, కాసేపాగి పెడితే తప్ప జాడ ఉండేది కాదు. ఉదయం పూట నిక్షేపంగా పనిచేసిన డిస్కు మధ్యాహ్నం ఎండ ముదిరాక పదే పదే ఆగేది. అలాగని ప్రతి మధ్యాహ్నమూ ఆగేది కాదు, అందుకే కారణం పట్టుకోవడం కష్టమైంది.

చేస్తున్న పని ఏమిటో కొంత చెప్పాలి. ఐనవోలు, కొమురవెల్లి జాతరల్లోనూ, పరకాల, ములుగు వైపు పల్లెల్లోనూ చాలా ఏళ్ల కిందట రికార్డు చేసిన మల్లన్న కథల క్యాసెట్లు మా దగ్గర ఉన్నాయి. ఆ గొంతుల్లో కొన్ని ఇప్పుడు లేవు. క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి దగ్గరి దారి లేదు. 90 నిమిషాల క్యాసెట్ 90 నిమిషాలూ ఆడాల్సిందే. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల నాణ్యతతో స్టీరియోలో రికార్డు చేస్తే గంటకు సుమారు 2 జీబీ డేటా డిస్కు మీద నిరంతరాయంగా పడుతూ ఉంటుంది. మధ్యలో డిస్కు ఆగితే ఆ క్యాసెట్‌ను మొదటి నుంచి మళ్లీ ఆడించాలి. పాత టేపు మీది అయస్కాంత పూత ఆడించిన ప్రతిసారీ కొంత అరుగుతుంది కాబట్టి, 'ఆగితే మళ్లీ మొదలుపెడదాం' అనుకోవడానికి నాకు మనసొప్పలేదు.

కారణం వెతకడానికి ముందు డేటాను బయటికి తీయడం మొదలుపెట్టాను. డిస్కు ఆగిపోతోందంటే చాలామంది మొదట సూచించేది చెక్‌డిస్క్ నడపమని. అనుమానం ఉన్న డిస్కు మీద నేను ఆ పని చేయను. చెక్‌డిస్క్ ఫైల్ వ్యవస్థను సరిచేయడానికి డిస్కు మీద రాస్తుంది. అలా రాస్తున్నప్పుడే డిస్కు ఆగితే అప్పటిదాకా బాగున్న పట్టికలు కూడా దెబ్బతినవచ్చు. అందుకే చదవడం తప్ప రాయడం లేకుండా, ఒక బయటి డిస్కు మీదికి ఫోల్డరు తర్వాత ఫోల్డరుగా రోబోకాపీతో నకలు తీశాను. విండోస్‌లోనే ఉండే ఈ రోబోకాపీ, మధ్యలో ఆగిపోయినా మళ్లీ నడిపితే అప్పటికే నకలైన ఫైళ్లను వదిలేసి మిగిలినవాటిని అందుకుంటుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. ఒక ఫైలు చదవలేకపోతే అది మామూలుగా 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. డిస్కే కనిపించకుండా పోయినప్పుడు అలా వేచి ఉండడం వల్ల ప్రయోజనం లేదు కాబట్టి, ఒక్క ప్రయత్నం, ఐదు సెకన్ల ఆలస్యం అని ముందే చెప్పి నడిపాను. మళ్లీ దొరకని కథలను ముందు, ఇంకోచోట దొరికే పాటలను చివర ఉంచాను. ఉదయం చల్లటి వేళల్లోనే నకలు తీసేవాణ్ని.

డేటా పోయే భయం తగ్గాక డిస్కును చౌరస్తా దగ్గరి ఒక దుకాణంలో చూపించాను. అక్కడి కుర్రాడు చప్పుడు గురించి నేను చెప్పింది విని, డిస్కును చేతిలోకి తీసుకోకుండానే, "సార్, టక్ అన్నదంటే హెడ్డు పోయినట్టే. కొత్తది ఏస్కోండ్రి, దీనికి పైసలు పెట్టుడు దండుగ," అన్నాడు. అతని మాటలో కొంత నిజం లేకపోలేదు. డేటాను చదివే, రాసే హెడ్డు దెబ్బతిన్న డిస్కు టకటకమని కొట్టుకోవడం అందరికీ తెలిసిందే. కానీ అలాంటి డిస్కు లయబద్ధంగా కొట్టుకుంటూనే ఉంటుంది, చదవడంలో తప్పులు వస్తాయి, వేగం పడిపోతుంది. నాది ఒక్కసారి టక్‌మని ఆగి, తిరిగి లేచాక పూర్తి వేగంతో ఒక్క తప్పూ లేకుండా చదివేది. హార్డ్ డిస్కుకు కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు, డేటా ఉండే, ఇంకా తిరుగుతున్న పళ్లేల ఊపుతో మోటారే కాసేపు జనరేటరులా మారి, ఆ కాస్త విద్యుత్తుతోనే హెడ్లను పళ్లేల మీది నుంచి పక్కకు లాగేసుకుంటుంది. పళ్లేనికీ హెడ్డుకూ మధ్య ఎడం కొద్ది నానోమీటర్లే ఉంటుంది. పళ్లెం ఆగేలోపు హెడ్డు పక్కకు తప్పుకోకపోతే రెండూ అంటుకుపోతాయి. ఆ అత్యవసర ఉపసంహరణ చప్పుడు కూడా 'టక్' అనే వినిపిస్తుంది. నేను విన్నది ఈ రెండింటిలో ఏది అన్నదే తేలాలి. హెడ్డు పోయి ఉంటే కొత్త డిస్కు కొనడం సరైనదే. కరెంటు పోతూ ఉంటే, కొత్త డిస్కు పెట్టినా దానికీ అదే గతి పడుతుంది.

విండోస్ సెట్టింగుల సంగతి త్వరగానే తేలిపోయింది. పవర్ ఆప్షన్లలో హార్డ్ డిస్కును ఎంతసేపటికి ఆపాలో చెప్పే అమరిక ఉంటుంది, సాధారణంగా అది 20 నిమిషాలుగా ఉంటుంది. ఎవరూ వాడకుండా ఖాళీగా ఉన్న డిస్కునే అది ఆపుతుంది తప్ప రికార్డింగు పడుతున్న డిస్కును ఆపదు. పైగా అలా ఆపినప్పుడు విండోస్ ఘటనల చిట్టాను చూపే ఈవెంట్ వ్యూయర్‌లో తప్పులేవీ నమోదు కావు. నా కంప్యూటర్‌లో మాత్రం డిస్కు ఆగిన ప్రతి వేళా సిస్టమ్ లాగులో 153 నంబరు ఈవెంట్లు, ఆ తర్వాత 157 నంబరు కనిపించేవి. మొదటిది చదవడమో రాయడమో విఫలమై మళ్లీ ప్రయత్నించినట్టు చెబుతుంది. రెండోది, ముందు చెప్పకుండా డిస్కును ఎవరో పీకేసినట్టు విండోస్‌కు అనిపించినప్పుడు వస్తుంది. అయినా అమరికను 'ఎప్పుడూ ఆపవద్దు' అని మార్చి ఆ అనుమానాన్ని పక్కన పెట్టాను. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపినప్పుడూ డిస్కు అలాగే ఆగింది కాబట్టి విండోస్ ప్రమేయం లేదని రూఢి అయింది.

అసలు సంగతి డిస్కు తన గురించి తాను రాసుకునే స్మార్ట్ లెక్కల్లో దొరికింది. ఈ భాగాన్ని కొంత వివరంగా చెప్పడం అవసరమని నా అభిప్రాయం, ఎందుకంటే చాలామంది ఈ లెక్కలను చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి, పైన నీలి రంగులో 'గుడ్' అని కనిపించగానే మూసేస్తారు. ఆ ఒక్క మాట వల్ల ఇలాంటి లోపం బయటపడదు. కింద ఉన్న అంకెలు చూడాలి, అవి మొదట హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా రాసే అంకెల్లో) ఉంటాయి కాబట్టి ఫంక్షన్ మెనూలో రా (ముడి) విలువలను దశాంశంలోకి మార్చుకోవాలి. నేను స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండు పరికరాన్ని కూడా వాడాను. కింద చెప్పే వరుస సంఖ్యలు దానిలో కనిపించేవే.

5వ వరుస చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్ల (డేటా ఉండే చిన్న గడుల) సంఖ్య, 197వ వరుస చదవడం కష్టమై తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్ల సంఖ్య. నా డిస్కులో రెండూ సున్నాయే. అంటే పళ్లేల ఉపరితలం మీద గాయాల ఆనవాళ్లు లేవు. 199వ వరుస డేటా కేబుల్ మీద ప్రయాణంలో పాడైన డేటాను లెక్కిస్తుంది. కేబుల్ వదులైతేనో పాతబడితేనో ఇది పెరుగుతూ పోతుంది. నాది పెరగలేదు. 10వ వరుస, అంటే మోటారు వేగం అందుకోలేక మళ్లీ ప్రయత్నించిన లెక్క, అది కూడా సున్నా. ఇవి నాలుగూ కలిపి చూస్తే హెడ్డు పోయిందన్న మాటకు ఆధారం లేదు.

మిగిలినవి 4, 12, 192. నాలుగోది మోటారు ఎన్నిసార్లు ఆగి తిరిగిందో చెబుతుంది. పన్నెండోది డిస్కుకు కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చిందో చెబుతుంది. 192 హెడ్లను హఠాత్తుగా లాక్కోవాల్సి వచ్చిన సందర్భాల లెక్క. వీటిని కంపెనీలు తలా ఒక తీరుగా లెక్కిస్తాయి కాబట్టి అంకె ఎంతున్నదన్నది కాకుండా, ఒక ఘటనకు ముందూ వెనుకా ఎంత మారిందన్నదే చూడాలి. సాఫ్ట్‌వేరు చెబితే ఆగిన డిస్కులో నాలుగోది పెరుగుతుంది కానీ పన్నెండోది పెరగదు, కరెంటు పోలేదు కాబట్టి. డేటా కేబుల్ తెగితే మోటారు ఆగనే ఆగదు. నేను ఉదయం కంప్యూటర్ వేయగానే ఈ అంకెలు కాగితం మీద రాసుకుని, డిస్కు ఆగి లేచిన వెంటనే మళ్లీ చూశాను. కంప్యూటర్‌ను మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయినా మూడు అంకెలూ పెరిగాయి. కంప్యూటర్ నడుస్తుండగానే డిస్కుకు కరెంటు పోయి వచ్చిందని డిస్కే రాసుకుంది. ఆ అంకెలు చూసిన క్షణంలో నాకు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు.

కరెంటు అనగానే మా ఇంట్లో అందరి చూపూ ఇన్వర్టర్ మీద పడింది. వేసవి మధ్యాహ్నాల్లో కూలర్లన్నీ నడిచేటప్పుడు వోల్టేజీ పడిపోవడం, కరెంటు రెప్పపాటు పోయి రావడం మన దగ్గర మామూలే. కానీ ఆ ఒడిదుడుకు, కంప్యూటర్ భాగాలన్నింటికీ కరెంటు అందించే డబ్బా అయిన ఎస్‌ఎంపీఎస్ దాకా వచ్చి ఆగాలి. లోపలికి వచ్చే 230 వోల్టులు 16, 17 మిల్లీసెకన్ల పాటు లేకపోయినా మంచి ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలోని నిల్వతో నెట్టుకొస్తుంది. అంతకు మించితే మదర్‌బోర్డుతో సహా కంప్యూటర్ మొత్తం ఆగి మళ్లీ మొదలవుతుంది. డిస్కు ఒక్కటే ఆగుతూ మిగతాదంతా నడుస్తోందంటే, లోపం ఎస్‌ఎంపీఎస్ దాటిన తర్వాత, డిస్కు దాకా వెళ్లే దారిలో ఉండాలి.

దీన్ని ధ్రువపరచుకోవడానికి డిస్కును బయటికి తీసి, సొంత 12 వోల్టుల అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ డాక్‌లో (డిస్కును బయటి నుంచి కలిపే పెట్టెలో) పెట్టి, స్మార్ట్ దీర్ఘ పరీక్షను నడిపాను. ఈ పరీక్షను డిస్కు తనకు తానే చేసుకుంటుంది, మొదటి సెక్టార్ నుంచి చివరి దాకా చదువుతుంది. 4 టీబీ డిస్కుకు ఎనిమిది గంటలు దాటినా ఆశ్చర్యం లేదు. కొన్ని డాక్‌లు పని లేదనుకుని కాసేపటికి డిస్కును నిద్రపుచ్చుతాయి, అప్పుడు పరీక్ష మధ్యలో రద్దవుతుంది. అందుకే ఒక చిన్న ఫైలును అప్పుడప్పుడూ చదివేలా ఏర్పాటు చేసుకోవడం మంచిది. క్యాబినెట్‌లో ఉన్నప్పుడు నడిపిన పరీక్ష 'మధ్యలో ఆగిపోయింది' అన్న నమోదుతోనే ముగిసేది. డాక్‌లో మాత్రం తప్పులేవీ లేకుండా పూర్తయింది. మధ్యాహ్నం వేడిలో కూడా నడిపి చూశాను, ఆగలేదు.

ఇక క్యాబినెట్ లోపలి దారి మిగిలింది. డిస్కును తిరిగి లోపల పెట్టి, పక్క మూత తీసి, ఒక పెద్ద ఫోల్డరు నకలు పెట్టి ముందు కూర్చున్నాను. డిస్కు హోరు దిగిపోయిన ఆ క్షణంలోనే, ఏ పనీ లేకుండా ఉన్న డీవీడీ డ్రైవు ముందున్న చిన్న పచ్చ దీపం కంప్యూటర్ వేసినప్పుడు వెలిగినట్టే వెలిగి ఆరింది. మళ్లీ ఆగినప్పుడూ అదే జరిగింది. ఈ రెండు డ్రైవులకూ డేటా కేబుళ్లు వేర్వేరు, మదర్‌బోర్డు మీద పోర్టులు వేర్వేరు. వాటికి ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే నాలుగు పిన్నుల పాత మోలెక్స్ కనెక్టరును, ఇప్పటి డ్రైవులకు కరెంటు ఇచ్చే రెండు సాటా కనెక్టర్లుగా చీల్చే కన్వర్టర్ వైరు. ఒకప్పటి ఎస్‌ఎంపీఎస్‌లలో సాటా కనెక్టర్లు తక్కువగా ఉండేవి, డిస్కు బే (డిస్కును బిగించే అర) కింద ఉండడంతో ఉన్న వైరు అందలేదు. ఆ అవసరానికి పెట్టిన కన్వర్టర్ అలాగే ఉండిపోయింది.

మోలెక్స్‌లో పసుపు వైరు 12 వోల్టులది, ఎరుపు 5 వోల్టులది, మధ్యలోని రెండు నల్లవి ఎర్త్‌వి. డిస్కులో మోటారు ప్రధానంగా 12 వోల్టుల మీద, ఎలక్ట్రానిక్ బోర్డు 5 వోల్టుల మీద నడుస్తాయి. రెండింటికీ అటూ ఇటూ 5 శాతం దాకా తేడాకు అనుమతి ఉంది. అంటే 5 వోల్టులది 4.75 కంటే కిందికి పోకూడదు. మల్టీమీటరుతో చూస్తే ఎస్‌ఎంపీఎస్ వైపు 5 వోల్టుల కంటే ఒక పిసరు ఎక్కువే వస్తోంది. మీటరు సగటు చూపుతుంది తప్ప క్షణకాలపు పతనాన్ని పట్టుకోలేదు కాబట్టి అంతటితో తేలలేదు.

ఇక్కడ కాజీపేటలో స్టెబిలైజర్లు, ఎస్‌ఎంపీఎస్‌లు బాగుచేసే ఒక తమ్ముడు ఫోన్లో చెప్పిన మాట పనికొచ్చింది. "సార్, డిస్కు కాడ ఎంతొస్తున్నదో చూసుడు గాదు, జాయింటు మీద ఎంత పోతున్నదో చూడుర్రి," అన్నాడు. అంటే మోలెక్స్ జోడీ కలిసే చోట, ఎరుపు వైరు అటువైపు వెనుక నుంచి మీటరు ఒక మొనను, ఇటువైపు వెనుక నుంచి రెండో మొనను తాకించి, మధ్యలో ఎంత వోల్టేజీ ఖర్చవుతోందో మిల్లీవోల్టుల్లో నేరుగా కొలవడం. లోహం లోహాన్ని గట్టిగా పట్టుకుని ఉంటే అక్కడ కొద్ది మిల్లీవోల్టులే కనిపించాలి. నాకు డిస్కు నడుస్తుండగా 200 పైన కనిపించింది. వైరును వేలితో కొంచెం పక్కకు నెట్టగానే 400 దాటింది, అదే క్షణంలో డిస్కు 'టక్'మని ఆగింది. 5 నుంచి 0.4 తీసేస్తే మిగిలేది 4.6 వోల్టులు, హద్దుకు కింద. ఇన్ని రోజులుగా వెతుకుతున్నది ఒక ఎర్రటి వైరు కొసన మీటరు మీద అంకెగా కనిపించింది.

అన్నీ ఆపి, ప్లగ్గు తీసి, జోడీని విడదీశాను. ఎస్‌ఎంపీఎస్ వైపు ఎరుపు వైరు గొట్టపు పిన్ను మిగతా మూడింటికంటే కొంచెం లోపలికి జారి ఉంది. దాని మూతి విచ్చుకుని, లోపలికి వచ్చే పిన్నును సరిగా పట్టుకోకుండా ఉంది. దాని చుట్టూ ఉన్న తెల్లటి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది. పట్టు వదులైతే అక్కడ నిరోధం పెరుగుతుంది, నిరోధం వల్ల వేడి పుడుతుంది, వేడికి లోహం తన బిగువు మరింత కోల్పోతుంది. వేసవి మధ్యాహ్నం క్యాబినెట్ లోపలి వేడి దీనికి తోడై, ప్లాస్టిక్, లోహం వేర్వేరు మోతాదుల్లో వ్యాకోచించినప్పుడు ఆ కాస్త పట్టు కూడా తప్పేది. ఉదయం పూట బాగుండి మధ్యాహ్నం ఆగడానికి ఇదే కారణమని నేను భావిస్తున్నాను.

గొట్టాన్ని పట్కారుతో బిగించి అదే కన్వర్టర్‌ను వాడవచ్చు. నేను వాడలేదు. ఒకసారి కమిలిన పిన్ను తిరిగి స్ప్రింగులా పట్టదు, పైగా కరిగించి పోసిన ప్లాస్టిక్‌తో చేసిన చవక సాటా కన్వర్టర్లు వేడెక్కి కాలిపోయిన సంగతులు రిపేరు చేసేవాళ్లందరికీ తెలుసు. డిస్కును పై బేలోకి మార్చి, ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా వచ్చే సాటా కనెక్టరును కలిపాను. డీవీడీ డ్రైవుకు పని లేదు కాబట్టి దాన్ని తీసేశాను. ఎవరైనా ఇదే దారిలో వెతకదలిస్తే ఒక హెచ్చరిక: వైర్ల మీద ఉండే 5, 12 వోల్టులతో షాకు కొట్టదు కానీ మీటరు మొనలు పక్క పిన్నును తాకితే షార్ట్ అవుతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవవద్దు. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

మార్చిన తర్వాత దీర్ఘ పరీక్ష క్యాబినెట్‌లోనే పూర్తయింది. 12వ వరుస కంప్యూటర్ వేసిన ఉదయమే ఒక అంకె పెరుగుతోంది, ఆ తర్వాత సాయంత్రం దాకా కదలడం లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో 157 మళ్లీ కనిపించలేదు. ఎండలు తగ్గాక కుదుటపడిందేమోనన్న అనుమానం ఉండకుండా, రోహిణి కార్తె ఎండల్లోనే మధ్యాహ్నాలంతా డిస్కు మీద డేటా రాసే పరీక్షలు నడిపాను.

దెబ్బతిన్న ఫైళ్ల సంగతి విడిగా చూడాల్సి వచ్చింది. విండోస్ ఫైల్ వ్యవస్థ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ తన చిట్టా సాయంతో ఫోల్డర్ల అమరికను కాపాడుకుంటుంది కానీ, రాస్తుండగా తెగిపోయిన ఫైలు లోపలి డేటాకు హామీ ఇవ్వదు. డిస్కు నమ్మదగినదని తేలాక, నకలు చేతిలో ఉంచుకుని, అప్పుడు చెక్‌డిస్క్ నడిపాను. మూలంలోనూ నకలులోనూ ప్రతి ఫైలుకూ హ్యాష్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్య) తీసి పోల్చాను. డిస్కు ఆగినప్పుడు రికార్డవుతున్న వేవ్ ఫైళ్లు కొన్ని తెరుచుకోలేదు. రికార్డింగు ముగిశాక ఫైలు మొదట్లో రాయాల్సిన నిడివి రాయబడకపోవడమే కారణం. వాటిని ఆడాసిటీ అనే సౌండు ఎడిటరులో ముడి డేటాగా దిగుమతి చేసి, 24 బిట్లు, రెండు ఛానెళ్లు, 96,000 అని చెబితే తెగిన చోటు దాకా కథ వినిపించింది. మిగిలిన భాగానికి మాత్రమే టేపును ఆ చోటు నుంచి ఆడించాను కాబట్టి, అరిగిన క్యాసెట్లను మొదటి నుంచి తిప్పాల్సిన అవసరం తప్పింది.

ఆ డిస్కును ఇప్పటికీ వాడుతున్నాను, కానీ దాన్ని ఏకైక నిల్వగా ఉంచడం లేదు. హెడ్లను నెమ్మదిగా పక్కకు జరుపుకోవడానికి చాలా డిస్కులకు 3,00,000 లేదా 6,00,000 సార్ల దాకా పరిమితి ఇస్తారు. కరెంటు పోయినప్పుడు లాక్కునే తీరు దానికంటే చాలా మొరటు, అది డిస్కును ఎక్కువగా అరగదీస్తుంది. అందుకని రికార్డింగు ఇప్పుడు నేరుగా ఎస్‌ఎస్‌డీ మీద పడుతుంది, క్యాసెట్ ముగిశాక ఈ డిస్కు మీదికీ, బయటి డిస్కు మీదికీ నకలు వెళ్తుంది, బయటి డిస్కు వేరే ఇంట్లో ఉంటుంది. 5, 12, 192, 197 వరుసల అంకెలను నెలకోసారి అదే కాగితం మీద తేదీ వేసి రాస్తున్నాను.